స్కోప్ ఎత్తు పెరిగితే గురికి ఏమవుతుంది

(టెక్సస్‌లో డాలస్ దగ్గర, కొత్తగా రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్న తెలుగు మిత్రుల కోసం చేసిన ప్రసంగం. చివర్లో అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషం. ఇవాళ ఈ గదిలో తుపాకీ గానీ తూటా గానీ లేదు. బోర్డు, స్కేలు, విడిగా ఒక స్కోప్ (రైఫిల్ మీద గురి చూసే దుర్బిణి), దాన్ని రైఫిల్‌కి బిగించే మౌంట్ మాత్రమే తెచ్చాను. మనం మాట్లాడుకోబోయేదానికి ఇవి చాలు.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. మీలో హెచ్‌-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లున్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఫ్రెండ్ రైఫిల్‌ను కాసేపు చేతిలోకి తీసుకున్నా ఈ చట్టం వర్తిస్తుంది. అందుకని రేంజ్‌కి వెళ్లేముందే లాయర్‌ని అడిగి తేల్చుకోండి. వేటకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకొకటి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. ఇక్కడున్న అందరూ దాదాపు ఆ లెక్కలోకే వస్తారు.

సరే. ఏఆర్-15 అనే రైఫిల్ గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "ఏఆర్-15 మీద స్కోప్ ఇంత ఎత్తుగా ఉంటే గురి ఎలా కుదురుతుంది? దాన్ని కిందకి దించాలా?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎత్తు వల్ల లెక్కలో వచ్చే తేడాకు భయపడక్కర్లేదు. కొలిస్తే తెలుస్తుంది, తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. నష్టమంతా వేరేచోట, మన చెంప స్టాక్ (రైఫిల్‌లో భుజానికి ఆనే వెనక భాగం) మీద ఆనే చోట వస్తుంది. అక్కడికి తర్వాత వస్తాను. ముందు లెక్క చూద్దాం.

బోర్డు మీద రెండు గీతలు గీస్తున్నాను. ఒకటి బ్యారెల్ బోర్, అంటే గొట్టం లోపలి రంధ్రం, మధ్య నుంచి వెళ్లే గీత. రెండోది స్కోప్ మధ్య నుంచి వెళ్లే గీత, అంటే మన చూపు గీత. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే తూటా ఎప్పటికీ చూపు గీతను అందుకోలేదు. ఎందుకంటే తూటా బ్యారెల్ దాటిన క్షణం నుంచే కిందికి పడటం మొదలుపెడుతుంది. "తూటా ముందు పైకి లేస్తుంది" అని చాలామంది అంటుంటారు. అది దానంతట అది లేవదు. చూపు గీతతో పోలిస్తే మనం బ్యారెల్‌ని రవ్వంత పైకి వంచి పెడతాం, అందుకే లేచినట్టు కనిపిస్తుంది. మేడ మీద కిటికీలోంచి ఒకడు చూస్తూ చెబుతుంటే, కింద గుమ్మంలోంచి ఇంకొకడు రాయి విసురుతున్నాడనుకోండి. ఇద్దరి గురీ పెరట్లో ఒకే మామిడికాయ. కిటికీ ఎంత ఎత్తులో ఉంటే, పైవాడి చూపుతో పోలిస్తే కింద ఉన్నవాడి విసురు అంత ఎక్కువ పైకి ఉండాలి. జీరో చేయడం అంటే ఈ రెండు గీతలూ ఏ దూరంలో కలవాలో నిర్ణయించడమే. తూటా చూపు గీతను పైకి వెళ్తూ ఒకసారి, కిందికి దిగుతూ ఇంకోసారి దాటుతుంది. కొన్ని జీరోల్లో ఆ రెండు చోట్లూ దాదాపు ఒకటే అయిపోతాయి.

ఎత్తు అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? బోర్ మధ్య నుంచి స్కోప్ మధ్యకు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మౌంట్ పెట్టె మీద 1.5 అంగుళాలు అని రాసి ఉంటుంది. అది రైల్ (రైఫిల్ పైన మౌంట్ బిగించే పట్టీ) పైభాగం నుంచి స్కోప్ మధ్యకు ఉన్న ఎత్తు. ఏఆర్‌లో రైల్ పైభాగమే బోర్ మధ్య కంటే ఒక అంగుళానికి పైగా ఎత్తులో ఉంటుంది. అంటే మీ అసలు ఎత్తు 2.6 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ఈమధ్య 1.93 అంగుళాల మౌంట్లు బాగా వాడుతున్నారు, వాటితో 3 అంగుళాలు దాటుతుంది. పాత ఏఆర్‌ల పైన మోయడానికి ఉండే క్యారీ హ్యాండిల్ మీద స్కోప్ బిగిస్తే మూడున్నర, నాలుగు అంగుళాల దాకా వెళ్తుంది. ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే మామూలు బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్‌కి ఇది ఒకటిన్నర అంగుళం ఉంటుంది. తూటా దారిని లెక్కగట్టడానికి ఫోన్లలో వాడే బాలిస్టిక్ యాప్‌లు చాలావాటిలో మొదటి నుంచే 1.5 అని నింపి ఉంటుంది. మౌంట్ పెట్టె మీదా అదే అంకె, యాప్‌లోనూ అదే అంకె కాబట్టి సరిపోయిందనుకుని ముందుకెళ్లిపోతారు. ఆ రెండు అంకెలూ కొలిచేది ఒకటి కాదు.

కొలవడం తేలికే. రైఫిల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. వెర్నియర్ కాలిపర్‌తో స్కోప్ ట్యూబ్ పై అంచు నుంచి బ్యారెల్ కింది అంచు దాకా కొలవండి. అందులోంచి ట్యూబ్ వ్యాసంలో సగం, మీరు కొలిచిన చోట బ్యారెల్ వ్యాసంలో సగం తీసేయండి. మిగిలిందే ఎత్తు. ట్యూబ్ వ్యాసం ఒక అంగుళమో, 30 మిల్లీమీటర్లో, 34 మిల్లీమీటర్లో స్కోప్ కాగితాల మీద ఉంటుంది. పదో వంతు అంగుళం అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఒక అంగుళం తేడా మాత్రం కుదరదు.

అసలు ఏఆర్‌ని ఇలా ఎందుకు చేశారు? యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్‌లో ఈ రైఫిల్‌ని రూపొందించినప్పుడు స్టాక్‌ని బ్యారెల్‌తో ఒకే వరుసలో పెట్టాడు. పాత రైఫిళ్లలో స్టాక్ కిందికి వంగి ఉంటుంది. కాల్చగానే వెనక్కి తన్నే బలం భుజానికి పై నుంచి వస్తుంది కాబట్టి బ్యారెల్ మూతి పైకి లేస్తుంది. స్టాక్ అలా ఒకే వరుసలో ఉంటే ఆ బలం నేరుగా భుజంలోకి వస్తుంది, మూతి అంతగా లేవదు. కానీ చెంప స్టాక్ మీద ఆనిస్తే కన్ను బ్యారెల్ కంటే చాలా పైన ఉంటుంది. అందుకే సైట్లను, అంటే గురి చూసే భాగాలను, పైకి లేపాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పారాట్రూపర్ల ఎఫ్‌జి 42 లోనూ ఇదే పద్ధతి ఉంది. కాబట్టి ఏఆర్ మీద ఎత్తైన స్కోప్‌ని తప్పుగా అనుకోకండి. ఆ తుపాకీకి సరైన ఎత్తు అదే. దాన్ని రైల్‌కి అతికినట్టు దించితే మెడ విరిచి చూడాల్సి వస్తుంది.

వేరే రైఫిళ్లకు వేరే కారణాలున్నాయి. ఎం1 గరాండ్‌కి తూటాల క్లిప్‌ను పై నుంచి నొక్కాలి, కాబట్టి దాని స్నైపర్ రకాల్లో స్కోప్‌ని ఎడమ పక్కకు జరిపారు. పాత వించెస్టర్ 94 కాల్చిన తూటాల ఖాళీ కేసుల్ని పైకి విసురుతుంది, అందువల్ల నడిమధ్యన తక్కువ ఎత్తులో స్కోప్ పెట్టడం కుదిరేది కాదు. స్కోప్ కింద నుంచి పాత ఇనుప సైట్లు కూడా కనిపించాలని, స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల్ని ఎత్తైనవి వేయించుకున్న జింక వేటగాళ్లు ఇక్కడ టెక్సస్‌లో ఇప్పటికీ ఉన్నారు. బ్రిటిష్ వాళ్ల నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ స్నైపర్ రకం నాకు చాలా ఇష్టం. దాని స్కోప్ ఎత్తుగా ఉంటుంది, అందుకని స్టాక్ మీద చెక్కతో చేసిన చెంప దిమ్మను స్క్రూలతో బిగించారు. స్కోప్ ఎత్తు పెంచితే చెంపనూ అంతే పెంచాలని వాళ్లకు అప్పుడే తెలుసు.

ఇక లెక్క. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే దూరంలో జీరో. తేడా అంతా స్కోప్ ఎత్తులోనే. అప్పుడు మిగతా దూరాల్లో రెండింటి మధ్య ఎంత తేడా వస్తుంది? దూరాన్ని జీరో దూరంతో భాగించండి, అందులోంచి ఒకటి తీసేయండి, వచ్చినదాన్ని ఎత్తుల తేడాతో గుణించండి. అంతే. ఇందులో తూటా వేగం లేదు, బరువు లేదు, గాలి లేదు. ఎత్తు వల్ల వచ్చే తేడా తిన్నని గీత మీద నడుస్తుంది.

చూడండి. ఎత్తుల తేడా ఒక అంగుళం, జీరో 100 గజాలు అనుకుందాం. 200 గజాల దగ్గర ఎత్తు స్కోప్ ఉన్న రైఫిల్ ఒక అంగుళం పైన కొడుతుంది. 300 దగ్గర రెండు అంగుళాలు పైన. 50 దగ్గర అర అంగుళం కింద. 25 దగ్గర ముప్పావు అంగుళం కింద. అడవి పంది వేటకు ఇవి పెద్ద తేడాలు కావు. నిజానికి దూరంలో ఎత్తు స్కోప్‌కే కాస్త లాభం, తూటా తక్కువ పడిపోయినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు జీరో దూరాన్ని 25 గజాలకు మార్చండి. 100 దగ్గర తేడా మూడు అంగుళాలు, 200 దగ్గర ఏడు అంగుళాలు. దగ్గర్లో జీరో చేసి వదిలేసేవాళ్లనే ఎత్తు ఇబ్బంది పెడుతుంది. ఇండోర్ రేంజ్‌లో 25 గజాల దగ్గర నల్లచుక్క మధ్యలో మూడు తూటాలు పడ్డాయి, ఇక రైఫిల్ రెడీ అని నేరుగా వేటకు వెళ్లేవాళ్లను నేను చూశాను. 2.6 అంగుళాల ఎత్తున్న .223 రైఫిల్, 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలిచే యూనిట్) తూటా, సెకనుకు 3000 అడుగుల వేగం అనుకుంటే, ఆ రైఫిల్ 100 గజాల దగ్గర సుమారు ఆరు అంగుళాలు పైన కొడుతుంది. ఆరు అంగుళాలంటే జంతువు చావకుండా గాయపడి పారిపోతుంది. రాత్రంతా ఏదో పొదలో పడి నరకం అనుభవిస్తుంది. మనం కాగితం మీద కొంచెం ఓపిక పట్టనందుకు ఆ బాధ పడేది అది. ఈ విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీ పడను.

"50 గజాల దగ్గర జీరో చేస్తే 200 దగ్గర కూడా జీరోనే" అన్న మాట మీరందరూ వినే ఉంటారు. అది ఏఆర్ ఎత్తుకు చెప్పిన మాట. ఇందాకటి తూటాతో, 2.6 అంగుళాల ఎత్తుతో 50 దగ్గర జీరో చేస్తే 100 దగ్గర ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది, 200 కాస్త దాటాక మళ్లీ చూపు గీత మీదికి వస్తుంది. అదే తూటా, ఒకటిన్నర అంగుళం ఎత్తున్న బోల్ట్ యాక్షన్‌తో 50 దగ్గర జీరో చేస్తే, రెండో జీరో 130 గజాల చుట్టుపక్కలకే వచ్చేస్తుంది. 200 దగ్గర రెండున్నర అంగుళాలకు పైగా కింద పడుతుంది. ఎవరి జీరో మాటైనా అరువు తెచ్చుకునేముందు వాళ్ల స్కోప్ ఎత్తు ఎంతో అడగండి.

.22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాల రైఫిల్‌లో ఇది ఇంకా సరదాగా ఉంటుంది. 50 గజాల జీరో, మామూలు స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు. స్కోప్ ఎత్తు ఒకటిన్నర అయితే 25 దగ్గర పావు అంగుళం పైన పడుతుంది. ఎత్తు 2.6 అయితే పావు అంగుళానికి కాస్త ఎక్కువ కింద. ఒకే తూటా, ఒకే జీరో, ఒకరు కింద పట్టి కాల్చాలి, ఇంకొకరు పైన పట్టి కాల్చాలి.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో స్కోప్‌కి అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్లే. ఆ సైట్లను కూడా దిమ్మల మీద పైకి లేపుకునేవాళ్లు ఉంటారు, తల నిటారుగా నిలవాలని. అక్కడ ఎత్తు గురించి ఎవరూ లెక్కలు వేయరు, ఎందుకంటే దూరం ఎప్పుడూ 10 మీటర్లే. దూరం మారనంత వరకు ఎత్తుతో పనిలేదు.

సరే, రేంజ్‌లో ఏం చేయాలి? ముందు రింగుల స్క్రూలు తయారీదారు చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి, చేతి అంచనాకి వదిలేయకండి. తర్వాత బోర్ సైటింగ్, అంటే కాల్చకుండానే బ్యారెల్, స్కోప్ సుమారుగా ఒకే చోటికి చూపేలా సర్దడం. లేజర్ వాడేవాళ్లు జాగ్రత్త. లేజర్ చుక్క తిన్నగా వెళ్తుంది, తూటాలా కిందికి పడదు. 25 గజాల దగ్గర క్రాస్‌హెయిర్‌ని (స్కోప్‌లో కనిపించే అడ్డ, నిలువు గీతల్ని) ఆ చుక్క మీద పెట్టేస్తే, 2.6 అంగుళాల ఎత్తున్న రైఫిల్ 100 దగ్గర ఐదున్నర అంగుళాలకు పైగా పైన కొడుతుంది. మీకు 100 గజాల జీరో కావాలంటే, 25 దగ్గర చుక్క క్రాస్‌హెయిర్‌కి ఒకటిన్నర అంగుళం కింద కనిపించాలి. తూటాలు కూడా దాదాపు అంతే కింద పడాలి. కాబట్టి 25 గజాల కాగితం మీద గురి చుక్కకి ఒకటిన్నర అంగుళం కింద ఇంకో చుక్క పెట్టుకోండి. పై చుక్కను చూస్తూ కాల్చండి, గ్రూప్ (వరుసగా కాల్చిన తూటాల గుంపు) కింది చుక్క మీదికి వచ్చేదాకా టరెట్‌ని, అంటే స్కోప్ మీద గురిని జరిపే గుండ్రటి నాబ్‌ని, తిప్పండి.

తిప్పేటప్పుడు క్లిక్కుల లెక్క మర్చిపోవద్దు. ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. పావు ఎం.ఓ.ఏ. స్కోప్ ఒక క్లిక్‌కి 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరుపుతుంది, 50 దగ్గర అందులో సగం, 25 దగ్గర పదహారో వంతు అంగుళం. అంటే 25 దగ్గర ఒక అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు. ఒక్క తూటా చూసి టరెట్ తిప్పడం వద్దు, గ్రూప్ మధ్యను చూసి తిప్పండి. తర్వాత 100 గజాలకు వెళ్లి అసలు జీరో చేయండి. ఆ తర్వాత టరెట్ ముట్టుకోకుండా 50 దగ్గర, వీలైతే 200 దగ్గర కూడా కాల్చి ఎంత తేడా వస్తోందో రాసుకోండి. యాప్ చెప్పిన అంకెలు, కాగితం చెప్పిన అంకెలు కలిస్తే మీ ఎత్తు కొలత సరైనదే. కలవకపోతే కాగితాన్నే నమ్మండి.

మరీ దగ్గర దూరాల సంగతి విడిగా చెప్పాలి. 100 గజాల జీరోతో 10 గజాల దగ్గర తూటా గురికి రెండు అంగుళాలకు పైగా కింద పడుతుంది. గాయపడ్డ పందిని దగ్గర నుంచి ముగించాల్సి వచ్చినప్పుడు ఇది గుర్తుండాలి. దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. స్కోప్‌లో దారి అంతా క్లియర్‌గా కనిపిస్తుంది, కానీ బ్యారెల్ మూతి స్కోప్‌కి రెండున్నర అంగుళాల కింద ఉంది. కంచె కమ్మీ మీదో, ట్రక్ బానెట్ మీదో రైఫిల్ ఆనించి కాల్చేటప్పుడు చూపుకు అడ్డు లేదు కదా అని ట్రిగ్గర్ నొక్కితే తూటా నేరుగా ఆ కమ్మీలోకో బానెట్‌లోకో పోతుంది. ముక్కలు కాల్చినవాడి మీదికే రావచ్చు, పక్కవాళ్లకు తగలొచ్చు. స్కోప్ ఎంత ఎత్తుంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. కాల్చే ముందు స్కోప్‌లోంచి కన్ను తీసి మూతి ముందు ఏముందో చూడండి. ప్రతిసారీ.

ఇప్పుడు చెంప సంగతి. పాత పద్ధతి వంపు స్టాక్ ఉన్న రైఫిల్ మీద ఎత్తైన రింగులు వేస్తే చెంప స్టాక్‌కి ఆనదు, గడ్డం ఆనుతుంది. తల గాలిలో ఉంటుంది. ఒక్కో షాట్‌కి కన్ను ఒక్కోచోట నిలుస్తుంది. స్కోప్‌లో పారలాక్స్ అని ఒకటుంది: కన్ను మధ్య నుంచి పక్కకు జరిగితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని సర్దే సైడ్ నాబ్ లేని వేట స్కోపుల్లో పారలాక్స్‌ని ఎక్కువగా 100 గజాలకో 150కో ఫ్యాక్టరీలోనే స్థిరం చేస్తారు. మిగతా దూరాల్లో కన్ను కుదురుగా లేకపోతే గ్రూప్ పెద్దదవుతుంది. ఏ ఫార్ములాతోనూ దాన్ని సరిదిద్దలేం, ఎందుకంటే అది ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంది. స్కోప్ ఎత్తు వల్ల గురి పోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు సమస్య ఇదే. పరిష్కారం కూడా ఖరీదైనది కాదు. చెంప ఎత్తుగా ఆనేలా స్టాక్ మీద కట్టే చీక్ రైజర్ చాలు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించండి, చెంపను హాయిగా పెట్టండి, కళ్లు తెరవండి. స్కోప్ నిండుగా కనిపిస్తే ఎత్తు కుదిరినట్టు. నల్లని నెలవంక కనిపిస్తే, మెడను సర్దకండి, రైజర్‌ని సర్దండి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అన్నా, స్కోప్ ఎత్తుగా ఉంటే రైఫిల్ కొంచెం పక్కకు వాలినా తప్పు చాలా పెరుగుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: అందరూ అనే మాటే. కానీ లెక్క వేస్తే అంత నిజం కాదని తేలుతుంది. రైఫిల్ కుడికి వాలితే తూటా కుడికి, కొంచెం కిందికి పోతుంది. ఎంత పోతుందనేది జీరో చేసిన దూరంలో తూటా ఎంత కిందికి పడుతుందనే దాని మీదే ఆధారపడుతుంది, స్కోప్ ఎత్తు మీద కాదు. ఇందాకటి .223 తూటాతో 300 గజాలకు టరెట్ తిప్పుకుని, 5 డిగ్రీలు వాల్చి కాల్చితే సుమారు రెండు అంగుళాలు పక్కకు పోతుంది, ఎత్తు ఒకటిన్నర అయినా మూడు అయినా అంతే. టరెట్ తిప్పకుండా 100 జీరోతోనే 300కి కాల్చితే ఎత్తు వల్ల కొంచెం పెరుగుతుంది, అది సుమారు పావు అంగుళమే. స్పిరిట్ లెవెల్ (వాలు చూపే బుడగ గొట్టం) పెట్టుకోండి, మంచిదే. ఎత్తుకు భయపడి మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: క్యారీ హ్యాండిల్ మీద నాలుగు అంగుళాల ఎత్తున పెట్టిన స్కోప్‌ని జీరో చేయడానికి టరెట్ సరిపోతుందా?

జవాబు: 100 గజాల జీరోకి బాగానే సరిపోతుంది. ఒకటిన్నర అంగుళం ఎత్తుతో పోలిస్తే మీకు అదనంగా కావాల్సింది రెండున్నర ఎం.ఓ.ఏ. లోపే. 25 గజాల దగ్గర చుక్క మీదే పడాలని పట్టుబడితే మొత్తం 15 ఎం.ఓ.ఏ. పైన కావాలి, కొన్ని చవక స్కోపులు అక్కడ చివరికి వచ్చేస్తాయి. 25 దగ్గర రెండున్నర అంగుళాలు కింద పడేలా పెట్టుకుని 100కి వెళ్లండి. ఆ ఎత్తుకు రైజర్ మాత్రం తప్పదు.

ప్రశ్న: మౌంట్ తీసి మళ్లీ బిగిస్తే జీరో మారుతుందా?

జవాబు: మంచి మౌంట్‌ని అదే రైల్ గాడిలో, ముందుకు నొక్కి, అదే టార్క్‌కి బిగిస్తే చాలా దగ్గరగానే తిరిగొస్తుంది. అయినా వేటకు వెళ్లేముందు 100 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి చూడండి. స్కోప్‌ని వేరే ఎత్తు మౌంట్‌లోకి మార్చారంటే మాత్రం ఎత్తు మళ్లీ కొలిచి, యాప్‌లో మార్చి, 25 దగ్గర నుంచి మొదలుపెట్టాలి.